సున్‌జూ యుద్ధశాస్త్రంలో వైద్యమంతా ఉందా? పోలిక నిజమా, మాటల అల్లికా?

కృష్ణాతీరం:
18వ శతాబ్దపు చైనా వైద్యుడు షూ దాచున్ 1757లో రాసిన గ్రంథంలో ఒక వ్యాసం ఉంది. మందు వాడటం సైన్యాన్ని నడపడం లాంటిదే అని దాని వాదన. చివర్లో చాలా పెద్ద మాట అన్నాడు: ప్రాచీన చైనా సేనాని సున్‌జూ యుద్ధశాస్త్రం 13 అధ్యాయాల్లో రోగం నయం చేసే పద్ధతులన్నీ ఉన్నాయని.

ఉదాహరణలు కూడా ఇచ్చాడు. రోగం ఒక నాళం (చైనా వైద్యం ప్రకారం ఒంట్లో ‘చి’ అనే ప్రాణబలం ప్రవహించే దారి) నుంచి ఇంకో నాళానికి పాకేలా ఉంటే, అది చేరకముందే అక్కడ కాపు కాయాలి. అది శత్రువు దారి కొట్టడం. అరగని తిండితో కలిసి వచ్చిన రోగమైతే ముందు ఆ తిండిని బయటికి పంపాలి. అది శత్రువు ధాన్యం తగలబెట్టడం. పాత జబ్బు కొత్తదానితో కలిసి లేస్తుంటే రెండూ ఏకం కాకుండా చూడాలి. అది కోటలోని ద్రోహులకు బయటివాళ్లతో సంబంధం తెంపడం.

ఇది ఒకే ఆలోచన రెండు చోట్ల పనిచేయడమా, లేక బాగా చదువుకున్న వైద్యుడు తన మాటకు బలం కోసం తెచ్చుకున్న ఉపమానమా? ఒకే ఆలోచన అని నా నమ్మకం. మీరేమంటారు?

సూదివైద్యం_గుంటూరు:
నేను మీ వైపే. కానీ షూ దాచున్ మరీ ఈమధ్యవాడు. అసలు ఆధారం ‘లింగ్‌షూ’లో ఉంది. ఆక్యుపంక్చర్‌కు అది మూలగ్రంథం. 55వ అధ్యాయంలో యుద్ధశాస్త్రాన్ని పేరుపెట్టి మరీ ఉదహరించారు. పొంగి వచ్చే బలానికి ఎదురు వెళ్లకు, బారులు తీరిన సేన మీద పడకు అని యుద్ధశాస్త్రం చెబుతుందట. వెంటనే సూది శాస్త్రం మాట: మండిపోతున్న జ్వరంలో పొడవకు, ధారగా చెమట కారుతుంటే పొడవకు, నాడి కలగాపులగంగా కొట్టుకుంటుంటే పొడవకు.

సున్‌జూ 7వ అధ్యాయం తెరవండి. జెండాలు చెదరకుండా వచ్చే సేనను అడ్డుకోవద్దు, బారులు తీరిన సేనను కొట్టవద్దు అని ఉంటుంది. అక్కడే సైనికుల ‘చి’ గురించి, అంటే వాళ్లలోని ఊపు గురించి, ఇంకో మాట ఉంది. పొద్దున అది పదునుగా ఉంటుంది, మధ్యాహ్నానికి మందగిస్తుంది, సాయంత్రానికి శిబిరం వైపు లాగుతుంది. కాబట్టి పదునును తప్పించుకుని, మందగించాక కొట్టమంటాడు. లింగ్‌షూ ఆ 55వ అధ్యాయంలోనే వైద్యులకు వరుస కట్టింది. అందరికన్నా గొప్పవాడు రోగం పుట్టకముందే పొడుస్తాడు. తరవాతివాడు అది బలపడకముందు. ఆ తరవాతివాడు అది తగ్గుముఖం పట్టాక.

ఒళ్లు కాలిపోతూ, చొక్కా తడిసిపోయి వచ్చిన మనిషికి నేను సూది పెట్టను. పడుకోబెట్టి, మణికట్టు మీద మూడు వేళ్లు ఉంచి నాడి చూస్తాను. అది గందరగోళంగా ఉంటే ఆసుపత్రికి పంపిస్తాను. మా గురువుగారు సూది పట్టుకోవడం నేర్పకముందే ఈ నిషేధం నేర్పారు. ఉత్త ఉపమానమైతే నా చెయ్యి ఎందుకు ఆగుతుంది?

ల్యాబ్‌కోటు:
సూదివైద్యం గారూ, 55వ అధ్యాయం సంగతి కాదనలేం. కానీ ఒక గ్రంథం ఇంకోదాన్ని ఉదహరిస్తే దాని నుంచే పుట్టిందని రుజువైనట్టు కాదు. సున్‌జూ 6వ అధ్యాయంలోనే చైనావాళ్ల పంచతత్వాల్లో (చెక్క, నిప్పు, మట్టి, లోహం, నీరు) ఏదీ ఎల్లకాలం గెలవదని, ఋతువుల్లో ఏదీ నిలిచిపోదని ఉంది. అంటే సేనాని, వైద్యుడు, జ్యోతిష్కుడు అందరూ ఒకే మాటల గంపలోంచి తీసుకున్నారు. లింగ్‌షూకు జంటగ్రంథమైన ‘సూవెన్’ 8వ అధ్యాయం ఒళ్లంతటినీ రాజాస్థానంగా వర్ణిస్తుంది. గుండె రాజు, ఊపిరితిత్తులు మంత్రి, కాలేయం వ్యూహాలు పన్నే సేనాపతి. దాన్ని పట్టుకుని చైనా వైద్యం పరిపాలనాశాస్త్రం నుంచి వచ్చింది అంటామా?

ఇంకో ఆధారం. చాంగ్షా దగ్గర మావాంగ్‌దుయిలో 1973లో తవ్విన 3వ సమాధి క్రీ.పూ. 168 నాటిది. అందులో సైనిక స్థావరాలు గుర్తించిన పటం పట్టుగుడ్డ మీద దొరికింది. వైద్యం రాసిన పట్టుపత్రాలూ అక్కడే దొరికాయి. రెండూ ఒకే మనిషి పక్కన పెట్టినవి. కానీ ఆ వైద్య పత్రాల్లో 52 రోగాలకు చెప్పిన చికిత్సలు చూడండి: లేపనాలు, పొగ, కోత, మంత్రాలు. నాళాల గురించి రాసిన పత్రాల్లో మూలికను కాల్చి వేడి పెట్టడం ఉంది, సూది లేదు. వైద్యం ముందు తన దారిన తాను పెరిగింది. యుద్ధశాస్త్రం మాటలు తరవాత వచ్చి చేరాయి.

పాలమూరు_పాఠకురాలు:
ఎవరి నుంచి ఏది వచ్చిందో తేల్చేంత చదువు నాకు లేదు. కానీ ఈ యుద్ధం భాష రోగికి ఏం చేస్తుందో చూశాను. మా అమ్మకు కీమో నడుస్తున్నప్పుడు చూడటానికి వచ్చిన ప్రతివాళ్లూ “పోరాడాలమ్మా, గెలవాలి” అనేవాళ్లు. నీరసంతో లేవలేని రోజు తను ఓడిపోతున్నానేమో అని టెన్షన్ పడేది. ఒకసారి పెద్దమ్మ చెయ్యి పట్టుకుని “నేను సరిగ్గా పోరాడట్లేదా అక్కా?” అని అడిగింది. రోగం శత్రువైతే, అది ఉన్న ఒళ్లు యుద్ధభూమి అవుతుంది. ఆ భూమి మీదే మనిషి బతకాలి కదా. వైద్యం ఈ మాటలు వదిలేస్తేనే మంచిది.

సూదివైద్యం_గుంటూరు:
పాలమూరు గారూ, మీ అమ్మగారి మాట చదివి బాధేసింది. కానీ నేను చెబుతున్న చైనా గ్రంథాలు ఆ “పోరాడు” వైపు లేవు. లింగ్‌షూ 60వ అధ్యాయంలో చక్రవర్తి తన గురువు చీబోను అడుగుతాడు: సూది ఇంత చిన్న వస్తువు కదా, దానికి ఇంత గొప్ప ఎందుకు ఆపాదిస్తున్నారు అని. సూదికన్నా పెద్దవి అయిదు రకాల ఆయుధాలు, కానీ అవి చావుకు సరంజామా, బతుకుకు పనికొచ్చేవి కావు అంటాడు చీబో.

చీముగడ్డల గురించి కూడా అక్కడే ఉంది. రెండు సేనలు ఎదురెదురుగా నిలిచి, జెండాలు ఒకదానికొకటి కనబడుతూ, మైదానంలో కత్తులు దూసి ఉన్నాయంటే అది ఒక్కరోజు పన్నాగం కాదు. కత్తి వేటు పడకుండా ప్రజలు మాట వింటున్నారంటే అదీ ఒక్కరోజు శిక్షణ కాదు. గడ్డ కూడా అంతే, కొద్దికొద్దిగా పేరుకున్నది. దాన్ని కంటికి కనబడకముందే చూసుకోవాలి. ఇందులో రోగిని పోరాడమన్నది ఎక్కడుంది? భారమంతా వైద్యుడి మీదే పెట్టారు, అదీ చాలా ముందుగా.

కృష్ణాతీరం:
దీనికి తోడు ప్రాచీన చైనాలో పేరుమోసిన వైద్యుడు బియాన్ చుయే కథ. ‘హెగువాన్‌జీ’ అనే పాత గ్రంథంలో వస్తుంది. యుద్ధం మీద అధ్యాయాలున్న గ్రంథమే అది. మీ ముగ్గురు అన్నదమ్ముల్లో ఎవరు గొప్ప వైద్యుడని ఒక రాజు అడిగితే, పెద్దన్న అన్నాడు బియాన్ చుయే. పెద్దన్న రోగానికి రూపం రాకముందే తీసేస్తాడు, అందుకే ఆయన పేరు ఇల్లు దాటలేదు. రెండో అన్న రోగం వెంట్రుక మొదట్లో, అంటే ఇంకా ఒంటి పైపైనే, ఉండగా పట్టుకుంటాడు, ఆయన పేరు వీధి దాటలేదు. బియాన్ చుయే మాత్రం రక్తనాళాలు పొడుస్తాడు, ఘాటు మందులు పోస్తాడు, చర్మం కోస్తాడు, అందుకే రాజులందరికీ తెలిశాడు. సున్‌జూ 4వ అధ్యాయంలోనూ అంతే: నిజంగా నేర్పున్న సేనాని గెలుపులో తెలివికి పేరు రాదు, ధైర్యానికి కీర్తి రాదు. ల్యాబ్‌కోటు గారూ, ఇది ఉమ్మడి గంపలోని మాట కాదు. ఎవరిని గొప్పవాడనాలి అన్న తీర్పే ఒకటి.

ల్యాబ్‌కోటు:
తీర్పు అందంగా ఉంది. కానీ రోగికి ఏం ఒరిగింది? వియత్నాం యుద్ధంలో మలేరియాతో సైనికులు కూలిపోతుంటే 1967 మే 23న చైనా ఒక రహస్య పరిశోధన మొదలుపెట్టింది. ఆ తేదీ మీదే 523 ప్రాజెక్టు అన్నారు. అందులో తూ యోయో బృందానికి దారి చూపింది 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ రాసిన చిన్న వాక్యం: పిడికెడు చింగ్‌హావ్ అనే మూలిక ఆకు నీళ్లలో నానబెట్టి, పిండి, ఆ రసం తాగు. మరిగించమని లేదు. వేడికి మందు పాడవుతోందేమో అని ఆమెకు తట్టింది. తక్కువ వేడిలో ఈథర్ అనే ద్రావకంతో సారం తీస్తే పనిచేసింది. 2015లో నోబెల్ వచ్చింది. డబ్బు సైన్యానిది, అవసరం సైన్యానిది. కానీ ఆ వాక్యంలో వ్యూహం లేదు, శత్రువు లేడు. చేతిపని ఉంది, తరవాత పరీక్ష ఉంది. సున్‌జూ పుట్టకపోయి ఉంటే చైనా వైద్యంలో లేకుండా పోయే చికిత్స ఒక్కటి చూపించండి, నేను మీ వైపు వస్తాను.

కృష్ణాతీరం:
జాంగ్ జియెబిన్‌ని చూడండి, 1563 నుంచి 1640 వరకు బతికిన వైద్యుడు. యవ్వనంలో సైన్యంలో తిరిగి, తరవాత పూర్తిగా వైద్యానికి వచ్చాడు. మందుల యోగాలన్నిటినీ ఎనిమిది వ్యూహాలుగా పేర్చాడు. మొదటిది బలం నింపేవి, రెండోది సమాధానపరిచేవి, మూడోది దాడి చేసేవి. తరవాత చెదరగొట్టేవి, చల్లబరిచేవి, వేడిచేసేవి, కారిపోకుండా నిలిపేవి, ప్రత్యేక రోగాలకు వాడేవి. యుద్ధం చూసి వచ్చిన మనిషి దాడిని ముందు పెట్టలేదు. పుష్టినిచ్చే ఒక దుంపను ఎంతగా వాడాడంటే ఆ దుంప పేరే ఆయనకు మారుపేరైంది. వైద్యుడి చెయ్యి ముందు ఏ అర మీదికి వెళ్తుందో ఆ వరుస చెబుతుంది. చికిత్స మారడమంటే అదే.

ల్యాబ్‌కోటు:
వరుస మారితే రోగి మింగే మందు మారుతుంది, ఆ మాటతో నాకు పేచీ లేదు. అయితే బలం నింపడాన్ని ముందు పెట్టింది సైన్యంలో చూసినదాని వల్లా, రోగుల్లో చూసినదాని వల్లా? ఆయన సొంత మాట ఒక్కటి దొరికితే ఇక్కడ పెట్టండి. అప్పటిదాకా నా ఓటు ఉమ్మడి భాషకే.