డాక్టరుగారికి విగ్రహమా, ఇరవై రూపాయల క్లినిక్కా? మీరేమంటారు?

జమాలియా వాసి (పెరంబూరు, చెన్నై):
మా పేటలో నలభై ఏళ్ళకు పైగా వైద్యం చేసిన డాక్టరుగారు పోయిన నెల కాలం చేశారు. పెద్దకర్మ రోజు ఆ వీధిలో నడవడానికి చోటు లేదు. ఫీజు ఇరవై రూపాయలు, లేనివాళ్ళ దగ్గర అదీ తీసుకునేవారు కాదు. 1996లో బిన్నీ బట్టల మిల్లు మూతపడ్డాక పని పోయిన ఇళ్ళకు తన పేరు మీద మందుల షాపులో ఖాతా పెట్టించిన మనిషి.

ఇప్పుడు పేటలో రెండు మాటలు నడుస్తున్నాయి. వీధి మూల ఆయన విగ్రహం పెట్టి వీధికి ఆయన పేరు అడుగుదామని కొందరు. ఇంకో డాక్టరును కూర్చోబెట్టి అదే ఇరవై రూపాయలకు క్లినిక్ నడుపుదామని కొందరు. తమ ఇంటి ముందు గది అద్దె లేకుండా ఇస్తామని డాక్టరుగారి ఇంట్లోవాళ్ళు అన్నారు. వచ్చిన చందా రెండింటికీ చాలదు. ఏది చెయ్యాలి?

వ్యాసర్పాడి కోడలు:
నా మాట విగ్రహానికే. సెంట్రల్ స్టేషన్ ఎదుట జనరల్ ఆసుపత్రి దగ్గర డాక్టర్ రంగాచారిగారి విగ్రహం ఉంది. ఆయన పోయింది 1934లో. మా అత్తగారు ఈనాటికీ ఆ దారిన పోతే దణ్ణం పెట్టుకుంటారు. ఎగ్మూరులో మార్షల్స్ రోడ్డుకు రుక్మిణీ లక్ష్మీపతిగారి పేరు పెట్టారు కాబట్టే మా అమ్మాయి ఆవిడెవరని అడిగింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారనీ, మద్రాసు రాష్ట్రానికి ఆరోగ్యమంత్రిగా చేశారనీ అప్పుడు చెప్పాను. ఈ ఊళ్ళో మనవాళ్ళ గుర్తులు చెరిగిపోతున్నాయి. క్లినిక్ పెడితే రెండేళ్ళకు ఆ కొత్త డాక్టరు మానేస్తాడు, తలుపుకు తాళం పడుతుంది. ఆ తర్వాత ఆయన పేరు ఎవరెత్తుతారు?

కొరుక్కుపేట కుర్రాడు:
అక్కా, రోడ్డు మూల కుదరదు. రోడ్ల మీద, పేవ్‌మెంట్ల మీద విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరిలోనే సుప్రీంకోర్టు చెప్పింది. సంస్మరణ సభకు బ్యానర్లు కూడా వద్దని నా మనవి. 2019లో పళ్ళికరణైలో బ్యానరు మీద పడి ఒక అమ్మాయి ప్రాణం పోయింది. డాక్టరుగారి బొమ్మతో అలాంటిది జరిగితే మనం తల ఎత్తుకోలేం.

స్టాన్లీలో చదివినవాణ్ణి:
నేనూ డాక్టర్నే. హౌస్‌సర్జన్సీ అయ్యాక కొంతకాలం సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని నేర్చుకున్నాను. ఆయన హస్తవాసి మంచిదని అందరూ అంటారు. నేను చూసింది ఆయన ఓపిక. ముసలమ్మ వచ్చి "గుండెల్లో దడగా ఉంది నాయనా" అంటే, ఆ దడ ఎప్పుడు మొదలైందో, ఇంట్లో ఏం గొడవ జరిగిందో తెలుగులోనే అడిగి తెలుసుకునేవారు. సూది వెయ్యమని ఎంత బతిమాలినా మామూలు జ్వరానికి వేసేవారు కాదు. దగ్గు తగ్గకపోతే ఓట్టేరి ఛాతీ ఆసుపత్రికి చీటీ రాసి పంపి, వారం తర్వాత కంపౌండరును ఇంటికి పంపి వెళ్ళారా లేదా అని కనుక్కునేవారు. టీబీకి అక్కడ పరీక్షా మందులూ ఉచితమే, అక్కడిదాకా మనిషిని కదిలించడమే కష్టం. ఆయన చేసింది ఆ పని.

ఇవన్నీ పక్కకుపోయి ఇరవై రూపాయలొక్కటే మిగులుతోందని నా బాధ. వ్యాసర్పాడిలో తిరువేంగడంగారు 1973లో రెండు రూపాయలతో మొదలుపెట్టారు, 2020లో పోయేనాటికి ఐదు రూపాయల డాక్టరుగా ఊరంతా తెలుసు. ఆయన ఎలాంటి వైద్యం చేశారని అడిగితే ఎంతమంది చెప్పగలరు?

మన డాక్టరుగారు ఇరవై తీసుకోగలిగారంటే సొంత ఇల్లు ఉంది, ఆయన భార్యకు, అంటే మన అమ్మగారికి, స్కూల్లో టీచరు ఉద్యోగం ఉంది. పేటకు వైద్యం చవగ్గా దొరికింది ఆవిడ జీతం వల్ల. ఆ మాట పెద్దకర్మ రోజు ఒక్కరూ అనలేదు. రేపు వచ్చే కుర్ర డాక్టరుకు చదువుకు చేసిన అప్పు ఉంటుంది, ఇంటద్దె ఉంటుంది. అతన్నీ ఇరవై దగ్గర కట్టేస్తే మనిషికి రెండు నిమిషాల చొప్పున వందమందిని చూడాలి, లేదా ల్యాబుల కమిషన్‌కు అలవాటుపడాలి. డాక్టరుగారి త్యాగాన్ని ఎంత పొగిడినా తక్కువే. దాన్ని ఇంకొకరికి షరతుగా మాత్రం పెట్టకండి.

ఈ ఊళ్ళోనే దారి ఉంది. డాక్టర్ సంజీవిగారు 1958లో వాలంటరీ హెల్త్ సర్వీసెస్ అనే వైద్య సంస్థ పెట్టినప్పుడు ఆదాయాన్ని బట్టి చందా కట్టే పద్ధతి తెచ్చారు. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డిగారి పేరు పేదింటి ఆడవాళ్ళ నోట ఎందుకుంది? కాన్పుకు ప్రభుత్వం ఇచ్చే 18,000 రూపాయల పథకం ఆవిడ పేరు మీద ఉంది కాబట్టి. ఆవిడ 1954లో అడయారులో మొదలుపెట్టిన క్యాన్సర్ ఆసుపత్రి ఇవాళ్టికీ నడుస్తోంది. అక్కా, తాళం పడుతుందన్న మీ భయం నిజమే. జీతం సరిగ్గా ఇస్తే పడదు. బీపీ, షుగరు మాత్రలు 2021 నుంచి తమిళనాడు ప్రభుత్వ పథకం మక్కళై తేడి మరుత్తువం (జనం దగ్గరికే వైద్యం) కింద ఇంటికే వస్తున్నాయి, మందులకు మనం ఖర్చుపెట్టక్కర్లేదు. తెలుగూ తమిళమూ వచ్చిన డాక్టరు సాయంత్రం మూడు గంటలు కూర్చుంటే చాలు. ఇవ్వగలిగినవాళ్ళు నూట యాభై ఇవ్వాలి, లేనివాళ్ళు ఏమీ ఇవ్వక్కర్లేదు.

ఇంకోటి. ఆయన పాత కేసు పుస్తకాలను సభలో ప్రదర్శనకు పెడదామని ఎవరో అన్నారట. దయచేసి వద్దు. ఎవరికి టీబీ వచ్చిందో, ఎవరికి గర్భస్రావమైందో అందులో ఉంటుంది. ఆయన పోయినంత మాత్రాన ఆ రహస్యాలు మనవి కావు.

వ్యాసర్పాడి కోడలు:
తమ్ముడూ, జీతం మాట ఒప్పుకుంటాను. అమ్మగారి సంగతి చెప్పినందుకు సంతోషం, నాకూ తట్టలేదు. నూట యాభై మాట మాత్రం ఒప్పుకోను. టోకెన్ దగ్గర ఒకరు నూట యాభై, ఒకరు సున్నా అంటే ఆ సున్నా మనిషి రెండోసారి రాదు. మా ఆయనకు పనిలేని రోజుల్లో నేనూ ఆ వరసలో నిలబడ్డాను. ఇచ్చినవాళ్ళందరి దగ్గరా ఒకటే తీసుకుని, లేనివాళ్ళను అడక్కుండా ఉండడంలో డాక్టరుగారు మా మర్యాద కాపాడారు. మీరు లెక్క చూస్తున్నారు, వరసలో నిలబడ్డవాళ్ళ మొహాలు చూడండి.

స్టాన్లీలో చదివినవాణ్ణి:
ఈ మాటకు నా దగ్గర ఎదురు లేదు. అయితే టోకెన్ ఉచితంగా ఇచ్చి, డాక్టరు గదిలో మూత ఉన్న డబ్బా పెడదాం. ఎవరెంత వేశారో డాక్టరుకు కూడా తెలియదు. తగ్గింది చందాలోంచి నింపుదాం. నెలకు నా వంతు నేను రాసుకుంటున్నాను.

కొరుక్కుపేట కుర్రాడు:
డబ్బా మీద నమ్మకం లేదు, మూడో నెలకే ఖాళీగా కనిపిస్తుంది. ఒక ఏడాది జీతం బ్యాంకులో వేశాకే తలుపు తియ్యాలి.

జమాలియా వాసి:
ఆదివారం మీటింగులో డబ్బా సంగతీ, బ్యాంకు సంగతీ రెండూ పెడతాను. విగ్రహానికని చందా ఇచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ అడగాలి, వాళ్ళు కాదంటే ఆ డబ్బు తిరిగి ఇచ్చెయ్యాలి. కేసు పుస్తకాలు అమ్మగారి దగ్గరే ఉన్నాయి, ఆవిడ ఎవరికీ ఇవ్వనన్నారు. బోర్డు మీద ఆయన పేరు పక్కన ఆవిడ పేరు కూడా ఉండాలా అన్నది మీరంతా చెప్పండి. నాకైతే ఉండాలనే ఉంది.