ఫోనే చదివి పెడుతుంటే పాపకి బ్రెయిలీ ఎందుకు?

కొత్తిమీరకట్ట:
మా అక్క కూతురికి ఏడేళ్లు. చూపు బాగా తగ్గిపోయింది, ఇక రాదని డాక్టర్లు చెప్పేశారు. వేలితో తడిమి చదివే బ్రెయిలీ లిపి నేర్పిద్దామని అక్క, ఫోను అన్నీ చదివి పెడుతుంటే ఆ చుక్కలెందుకని బావ, రోజూ ఇదే గొడవ. అసలు తెలుగులో బ్రెయిలీ ఉందా, ముందు ఇంగ్లిష్ రావాలా? ఒత్తులూ గుణింతాలూ ఆరు చుక్కల్లో ఎలా పడతాయో నాకైతే అర్థం కావట్లేదు.

చుక్కలరాయుడు:
ఉందండీ, నేను చదువుకున్నది అందులోనే. మన దేశ భాషలకి కలిపి భారతీ బ్రెయిలీ అని 1951లో ఖాయం చేశారు. ఒక్కో గడిలో ఆరు చుక్కలకి చోటు, ఎడమ వరస పైనుంచి కిందకి 1, 2, 3, కుడి వరస 4, 5, 6. అక్షరం ఆకారంతో పని లేదు, శబ్దమే లెక్క. ఇంగ్లిష్ కె కి ఏ చుక్కలో మన క కి, హిందీ క కి కూడా అవే, 1, 3. గుడులూ కొమ్ములూ ఉండవు, హల్లు పక్కన అచ్చు పెట్టేస్తాం, కి అంటే క, ఇ. ఒత్తు కావాలంటే ముందు 4వ చుక్క. "అమ్మ"కి నాలుగు గళ్లు: అ, 4వ చుక్క, మ, మ.
ఫోను సంగతంటారా, ఆఫీసులో రోజంతా నాకూ అదే దిక్కు. కానీ వినడం ఒక్కటే అలవాటైన కుర్రాడు మా దగ్గర ఉన్నాడు, తెలివైనవాడే, "శాఖ"ని "సాక" అని టైపు చేస్తాడు. చెవికి స్పెల్లింగ్ తెలియదు కదా.

పాతసైకిల్:
బావగారికి ఇదొకటి చెప్పండి. పారిస్ అంధుల బడిలో మొదట మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చువేసి ఇచ్చేవాళ్లు, చూపున్న పంతుళ్లకి బాగానే ఉండేది, పిల్లలు ఒక్కో అక్షరాన్నీ తడుముకుంటూ కూర్చునేవాళ్లు. బార్బియే అనే సైనికాధికారి పన్నెండు చుక్కల పద్ధతి తెచ్చాడు, అది వేలి కొనకి పట్టేది కాదు. దాన్ని ఆరుకి దించిన లూయీ బ్రెయిలీకి అప్పటికి పదిహేనేళ్లు, 1824. ఆ బడి దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో, ఆయన పోయిన రెండేళ్లకి!
మా వాడి కోసం నేనూ నేర్చుకున్నా. గళ్లున్న బ్రెయిలీ పలకలో కాగితం బిగించి మొనతో కుడి నుంచి ఎడమకి గుచ్చాలి, కాగితం తిప్పితేనే చుక్కలు పైకి లేస్తాయి. మొదటి వారం నేను గుచ్చినవన్నీ తిరగబడ్డాయి, వాడు ఒకటే నవ్వు.

కొత్తిమీరకట్ట:
బావకి చదివి వినిపించా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మరి లెక్కలెలా?" అన్నాడు 🙂

చుక్కలరాయుడు:
ముందు 3, 4, 5, 6 చుక్కలు పెడితే తర్వాతి అక్షరం అంకె అవుతుంది. ఇంగ్లిష్ ఎ అంటే 1, బి అంటే 2, అలా ఐ దాకా, జె సున్నా.