బేస్‌బాల్‌లో జీతాలకు గరిష్ఠ పరిమితి ఉండాలా?

చిన్నజట్టు అభిమాని: లాస్ ఏంజిలిస్ జట్టు డాడ్జర్స్ 2024, 2025లలో వరుసగా అమెరికా బేస్‌బాల్ టైటిల్ పోరు వరల్డ్ సిరీస్ గెలిచారు. స్టార్ ఆటగాడు ఒహ్తానీతో పదేళ్లకు 70 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుని, అందులో 68 కోట్లు ఆ పదేళ్లూ గడిచాక చెల్లిస్తామన్నారు. అప్పు చేసి పప్పు కూడు తినడం కాదా ఇది? అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్‌లో ఉన్నట్టు ఇక్కడా జట్టు మొత్తం జీతాలకు పరిమితి పెట్టాలి.

లెక్కలరాయుడు: చెల్లింపు వాయిదా వేసినంత మాత్రాన పన్ను తప్పలేదు. లగ్జరీ పన్ను (జీతాల మొత్తం నిర్ణీత హద్దు దాటిన జట్లపై లీగ్ వేసే పన్ను) లెక్కలో ఆ ఒప్పందం ఏటా సుమారు 4.6 కోట్ల డాలర్లుగా పడుతుంది. ఇక బీద జట్ల సంగతి. ప్రతి జట్టూ స్థానిక ఆదాయంలో 48 శాతం ఉమ్మడి నిధిలో వేస్తే, దాన్ని 30 జట్లకూ సమానంగా పంచుతారు. అలా అందిన సొమ్మును సరిగా ఖర్చు చేయడం లేదని 2018లో ఆటగాళ్ల సంఘమే పైరేట్స్, మార్లిన్స్, రేస్, అథ్లెటిక్స్ జట్లపై ఫిర్యాదు చేసింది.

బాటసారి: 2002లో అథ్లెటిక్స్ తక్కువ జీతాలతోనే 103 మ్యాచ్‌లు గెలిచింది కదండీ.

చిన్నజట్టు అభిమాని: గెలిచి, నాకౌట్ దశ మొదటి రౌండులోనే మిన్నెసోటా చేతిలో ఓడింది. 2025లో లీగంతటిలో అత్యధికంగా 97 విజయాలు సాధించిన మిల్వాకీని నాకౌట్‌లో డాడ్జర్స్ 4-0తో ఇంటికి పంపారు. రాయుడు గారూ, ఆ 68 కోట్ల మాట దాటవేయకండి. మా అబ్బాయి ఒక ఆటగాడి పేరు చూసి మురిసి కొనిపించుకున్న జెర్సీ వాడికి ఇంకా వదులుగానే ఉంది, ఆ ఆటగాణ్ణి మాత్రం మా జట్టు అప్పుడే అమ్మేసింది.

లెక్కలరాయుడు: అమ్మింది మీ యజమాని, తిట్లు డాడ్జర్స్‌కా?

చిన్నజట్టు అభిమాని: కోటీశ్వరుల తరఫున వకాల్తా పుచ్చుకున్నవారితో నాకు వాదనేమిటి!

లెక్కలరాయుడు: నేను మాట్లాడుతున్నది ఆటగాళ్ల తరఫున. మా కంపెనీలో పై జీతాలకు కత్తెర వేసినప్పుడు మిగిలిన డబ్బు కింది ఉద్యోగులకు ఒక్క పైసా రాలేదు. 1994లో యజమానులు ఇదే పరిమితి కోరితే ఆటగాళ్ల సమ్మె జరిగి వరల్డ్ సిరీస్ రద్దయింది. యజమానులకూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ప్రస్తుత ఒప్పందం 2026 డిసెంబరు 1న ముగుస్తుంది. మళ్లీ అదే కావాలా?

బాటసారి: ఇద్దరూ కాస్త శాంతించండి.

చిన్నజట్టు అభిమాని: సరే, పరిమితి వద్దు, టీవీ డబ్బు పంచండి. ఎన్ఎఫ్ఎల్‌లో దేశవ్యాప్త ప్రసార ఆదాయాన్ని జట్లు సమానంగా పంచుకుంటాయి. ఇక్కడ డాడ్జర్స్ 2013లో స్థానిక ప్రసారాలకే 25 ఏళ్లకు 835 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు. అనేక చిన్న జట్ల మ్యాచ్‌లు చూపిన డైమండ్ అనే ప్రసార సంస్థ 2023 మార్చిలో దివాలా పిటిషన్ వేసింది. ఎంత తెలివిగా ఆటగాళ్లను ఎంచుకున్నా ఈ అంతరం పూడేది కాదు.

లెక్కలరాయుడు: లాస్ ఏంజిలిస్ వాళ్లు కట్టిన కేబుల్ బిల్లులో మీ ఊరికి ఇప్పుడొస్తున్న వాటా చాలదా?

చిన్నజట్టు అభిమాని: చాలదు. ఎదుట మరో జట్టు లేకపోతే డాడ్జర్స్ టీవీలో చూపించేదేమిటి?

లెక్కలరాయుడు: అలాగే, ఇంకా పంచమందాం. వచ్చిన ప్రతి డాలరూ జీతాలకే ఖర్చు పెడతానని మీ యజమాని చేత ముందు రాయించుకురండి.