ట్రెడ్‌మిల్ ఎక్కితే చూపు మసకబారింది, ఎంఎస్ ఉన్నవాళ్లు అసలు వ్యాయామం చెయ్యొచ్చా?

అరిగిన_చెప్పు
అందరికీ నమస్తే. నాకు ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, నరాల మీది రక్షణ పొర దెబ్బతినే జబ్బు) అని తేలి ఐదేళ్లయింది, రిలాప్స్ (జబ్బు మళ్లీ తిరగబెట్టడం) వచ్చి మళ్లీ తగ్గే రకం. ఇప్పుడు బాధంతా అలసట, నడక. పది నిమిషాలు నడిచానో లేదో కుడి పాదం పైకి లేవనని మొండికేస్తుంది, వేళ్లు నేలకి రాసుకుంటాయి. చెప్పులు తిరగేసి చూస్తే కుడిదాని ముందు అంచు ఒక్కటే అరిగిపోయింది, ఎడమది నిన్న కొన్నట్టుంది. డాక్టర్ గారు వ్యాయామం చెయ్యమన్నారు కదా అని ట్రెడ్‌మిల్ ఎక్కి 20 నిమిషాలు గట్టిగా నడిచా. దిగేసరికి ఒక కన్ను మసక, కాళ్లు దూదిపింజలు. గంటలో చూపు సర్దుకుంది కానీ రెండు రోజులు మంచం దిగలేదు. ఇంట్లోవాళ్లు "ముందే చెప్పాం కదా" అంటున్నారు. ఉన్న నరాలు కూడా పాడుచేసుకుంటున్నానేమో అని టెన్షన్‌గా ఉంది.

ఫ్యాను_పక్కన
పదకొండేళ్లుగా నాదీ ఇదే కథండి, కన్ను మసకబారడంతో సహా. దీన్ని ఊట్‌హోఫ్ ప్రభావం అంటారు, 1890లో ఆ పేరుగల జర్మన్ కంటి డాక్టర్ రాసిపెట్టాడు. నరం మీద మైలిన్ పొర పోయినచోట ఒంటి వేడి కాస్త పెరిగినా సంకేతం సరిగ్గా పోదు, చల్లబడితే మళ్లీ మామూలే. కొత్తగా నరం దెబ్బతిన్నట్టు కాదు. పాపం ఆయన కారణం వేడి అని పట్టుకోలేదు, శ్రమ అనుకున్నాడు. ఆ తర్వాత చాలా ఏళ్లు డాక్టర్లు కూడా ఎంఎస్ వాళ్లని విశ్రాంతి తీసుకోమనే చెప్పేవారు. 1996లో 15 వారాల ఏరోబిక్ శిక్షణ మీద ఒక అధ్యయనం వచ్చాక ఆ ధోరణి మారుతూ వచ్చింది. నేనైతే ముందు చన్నీళ్ల స్నానం చేసి, ఎదురుగా ఫ్యాను పెట్టుకుని, కదలని సైకిల్ తొక్కుతా. కానీ ఒళ్లు చల్లబడ్డాక కూడా కొత్త లక్షణం తగ్గక 24 గంటలు దాటితే అది రిలాప్స్ కావచ్చు, డాక్టర్‌కి ఫోన్ చెయ్యండి.

మెల్లగా_మెల్లగా
ఫిజియోథెరపిస్ట్‌ని. మొదటి రోజే 20 నిమిషాలేంటమ్మా! మీ పాదం పదో నిమిషంలో జారుతుంటే ఐదో నిమిషంలోనే ఆగి, రెండు నిమిషాలు కూర్చుని, మళ్లీ ఐదు నడవండి. జారిన పాదాన్ని ఈడ్చుకుంటూ నడిస్తే తుంటి ఎగరేసి నడవడం అలవాటైపోతుంది, పడిపోయే ప్రమాదం కూడా. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి, ఆ వేగం చాలు. నడవని రోజు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలు ఎత్తడం, 10 నుంచి 15 సార్లు. చివరికి చేరాల్సింది వారానికి రెండుసార్లు 30 నిమిషాల ఓ మోస్తరు ఏరోబిక్, రెండుసార్లు కండరాల బలానికి. వైకల్యం తక్కువ నుంచి మధ్యస్థంగా ఉన్న 18–64 ఏళ్ల వాళ్లకి 2013 కెనడా మార్గదర్శకాలు చెప్పింది ఇదే. నెలలు పట్టినా పర్లేదు. పాదానికి స్ప్లింట్ (పాదం వేలాడకుండా ఎత్తి పట్టే పట్టీ) గురించి కూడా అడగండి, చాలామంది సిగ్గుపడి అడగరు.

రాత్రి_మెలకువ
అందరూ వ్యాయామం అంటే సంజీవని అన్నట్టు రాస్తున్నారు, నాకు మొదటి నెలంతా అలసట రవ్వంత తగ్గలేదు. తీరా చూస్తే రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవడం, పైగా కండరాల బిగుతుకి వాడే బాక్లోఫెన్ మగత. ఆ రెండూ డాక్టర్ సరిచేశాకే వ్యాయామం ఒంటబట్టింది. థైరాయిడ్, రక్తహీనత, డిప్రెషన్ కూడా చూపించుకోండి.

అరిగిన_చెప్పు
అందరికీ థ్యాంక్సండి. ఇవాళ ఫ్యాను పెట్టుకుని ఐదు నిమిషాలు, కూర్చుని, మళ్లీ ఐదు. రెండోసారి నాలుగో నిమిషంలో చెప్పు చప్పుడు మొదలైంది, వెంటనే ఆపేశా. కన్ను బాగానే ఉంది. రేపు కూడా నడవాలని మనసు లాగుతోంది కానీ ఎల్లుండే. రేపు కుర్చీ, గోడ.