మైనస్ నాలుగున్నర సైటుతో ఆర్చరీ కుదురుతుందా?

ప్రశ్న (గుంటూరు): మా పాపకు పద్నాలుగేళ్లు. రికర్వ్ విల్లు (కొనలు ముందుకి వంగి ఉండేది) నేర్చుకుంటోంది. రెండు కళ్లకీ మైనస్ నాలుగున్నర. 30 మీటర్ల దాకా బాగానే వేసింది. దూరం పెంచాక గురి బోర్డు మధ్యలోని పసుపు వలయం చెదిరినట్టు కనిపిస్తోందట, బాణం ఎక్కడ గుచ్చుకుందో తెలీట్లేదట. వాళ్ల నాన్నేమో మాన్పించేద్దామంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు (విజయవాడ): అక్కా, తొందరపడి మాన్పించకండి. ముందు కంటి డాక్టరుకి చూపించండి, ఆ వయసులో నంబరు మారుతుంటుంది. మారలేదంటే నా అనుమానం కళ్లజోడు మీదే. పాపది కుడిచేతి వాటమైతే, తీగ గడ్డానికి ఆనించినప్పుడు మొహం ఎడమకి తిరిగి ఉంటుంది కదా, కుడికన్ను అద్దం మధ్యలోంచి కాక ముక్కు పక్క అంచులోంచి చూస్తుంది. అంత నంబరుకి అంచులో బొమ్మ చెదురుతుంది. చిన్న ఫ్రేమైతే రిమ్ము కూడా అడ్డొస్తుంది. పైగా మన ఎండలకి చెమట పట్టి జోడు జారిందా, ఇక చూపు ఇంకెక్కడికో పోతుంది. వెనక తాడు కట్టించండి. అద్దం వెడల్పుగా, రిమ్ము సన్నగా ఉండాలి. డాక్టరు సరేనంటే కాంటాక్ట్ లెన్సులు ఇంకా నయం, కన్నుతోపాటే తిరుగుతాయి.

బాణం కనబడకపోవడానికి బెంగ వద్దు. 70 మీటర్ల నుంచి మంచి చూపున్నవాళ్లకీ కష్టమే. అందుకే బైనాక్యులర్స్, పోటీల్లో కూడా వాడుకోవచ్చు. గురి పెట్టడానికి పసుపు మధ్య ఎక్కడో తెలిస్తే చాలు. కొరియా ఇమ్ డాంగ్-హ్యూన్ చూపు బాగా తక్కువున్నా 2012 లండన్ ఒలింపిక్స్‌లో 72 బాణాలకి 699 పాయింట్లు కొట్టాడు, అప్పటికి ప్రపంచ రికార్డు. అతను జోడు పెట్టుకోడని పాపని తీసేయమనకండి సుమా!

మరొకరు (విజయవాడ): కాంపౌండ్‌కి, అంటే కొనల్లో కప్పీలుండే విల్లుకి, మార్చినా బాగుంటుందండీ. గురి చూసే చోట భూతద్దం పెట్టుకోనిస్తారు, తీగలో పీప్, అంటే చూడ్డానికి చిన్న రంధ్రం, ఉంటుంది. రికర్వ్‌లో ఆ రెండూ కుదరవు. మన వెన్నం జ్యోతి సురేఖ వేసేది కాంపౌండే. ఖర్చు మాత్రం వాచిపోతుంది.

మొదటి జవాబు: కళ్లజోడు మార్చి చూడకుండా విల్లు మార్చడమెందుకండీ?

ప్రశ్న అడిగినవారు: కుడిచేతి వాటమే తమ్ముడూ. కళ్లజోడు షాపుకి విల్లు పట్టుకెళ్లాలా?

మొదటి జవాబు: అయ్యో, వద్దక్కా. సాగే రబ్బరు పట్టీ ఒకటి చాలు. దాన్ని లాగి నిలబడమని, చూపు అద్దంలో ఎక్కడ పడుతోందో షాపాయనతో స్కెచ్ పెన్ చుక్క పెట్టించండి. అద్దం సెంటరు అక్కడికి జరిపించి ఇంకో జోడు చేయించండి. అది గ్రౌండుకే, బడికి మాత్రం పాతదే.