ఏఎన్-32లు, ఆవ్రోలు కనుమరుగు కాకముందే ఫొటోలు: తిరుపతి, చిత్తూరు వారి అనుభవాలు

కపిలతీర్థం కెమెరా:
మన వాయుసేన రవాణా విమానాల్లో ఏఎన్-32లు 1984 నుంచి ఎగురుతున్నాయి, ఆవ్రోలు అంతకు రెండు దశాబ్దాల ముందు నుంచే ఉన్నాయి. ఆవ్రోల స్థానంలోకి 2023 నుంచి సీ-295 అనే కొత్త రవాణా విమానాలు వచ్చి చేరుతున్నందున, ఈ పాత విమానాలు వెళ్లిపోయేలోగా నాలుగు మంచి ఫొటోలైనా దక్కించుకోవాలని ఉంది. తిరుపతి పరిసరాల్లో ఎక్కడ నిలబడితే మేలో, ఎంత లెన్సు కావాలో, తీసిన ఫొటోను విమానం నంబరుతో సహా నలుగురికీ చూపవచ్చో లేదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

పుత్తూరు పయనం:
లెన్సు సంగతి తరువాత, ముందు ఎక్కడ నిలబడకూడదో తెలుసుకోండి. ప్రహరీకి అవతల ప్రజల రోడ్డే కదా అన్న ధీమాతో ఒక రక్షణ స్థావరం పక్కన కెమెరా తీసిన నా మిత్రుణ్ణి పొద్దుగూకే దాకా కూర్చోబెట్టి, మెమరీ కార్డు ఖాళీ చేయించి పంపారు. ఆ కార్డులో వాళ్ల అమ్మాయి పుట్టినరోజు ఫొటోలు కూడా పోయాయి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ప్రకారం అలాంటి చోట్లు నిషిద్ధ ప్రదేశాలు, తీవ్రమైన నేరానికి శిక్ష 14 ఏళ్ల వరకు ఉంటుంది. పౌర విమానాశ్రయమైనా సరే, ప్రభుత్వానిదైతే లోపల ఫొటో తీయడానికి అనుమతి కావాలని 1937 నాటి విమాన నిబంధనల్లో 13వ నిబంధన చెబుతోంది.

మదనపల్లె 600:
చట్టాలు వల్లించి కుర్రవాళ్లను బెదరగొట్టడం కొందరికి అలవాటు. మా మిద్దె మీద నుంచి ఆకాశంలోకి తీసేదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నేను 600 మి.మీ. లెన్సుతో, షట్టర్ సెకనులో 1/2000 వంతు పెట్టి తీసిన ఏఎన్-32లో రివెట్లు సైతం లెక్కపెట్టవచ్చు. షట్టర్ ఎంత వేగంగా ఉంటే అంత మంచిది, ఇందులో చర్చకు తావే లేదు.

చిత్తూరు మిద్దె:
తావు చాలానే ఉందండీ. ఆ వేగంతో తీస్తే ప్రొపెల్లర్ రెక్కలు కదలకుండా నిలిచిపోయి, విమానం తిరునాళ్లలో దారానికి వేలాడదీసిన బొమ్మలా కనిపిస్తుంది. ఇంజన్లు ఆగిపోయి గాలిలో ఉన్న విమానాన్ని రివెట్లతో సహా చూపించి ఏం ప్రయోజనం?

మదనపల్లె 600:
మీ ఫొటో ఒక్కటైనా ఇక్కడ పెట్టి ఆ తరువాత మాట్లాడండి.

మాజీ ఇంజను మేస్త్రి:
నేను వాయుసేనలో ఉద్యోగమంతా ఏఎన్-32కు ఉండే ఏఐ-20 ఇంజన్ల దగ్గరే గడిపాను గనుక, ఊహలు పక్కన పెట్టి లెక్క చెబుతాను. ఆ ఇంజను ప్రొపెల్లరును నిమిషానికి సుమారు 1,075 చుట్లు, అంటే సెకనుకు దాదాపు 18 చుట్లు తిప్పుతుంది. గాలిలో ఉన్నంతసేపూ ఈ చుట్లు మారవు, రెక్కల కోణం మాత్రమే మారుతుంది. కాబట్టి ఎగిరేటప్పుడు ఒక షట్టరు, దిగేటప్పుడు ఇంకొకటి అక్కర్లేదు. 1/2000లో రెక్క 3 డిగ్రీలకు మించి కొంచెమే కదులుతుంది, ఎవరు చూసినా అది నిలబడినట్లే. 1/125లో సుమారు 52 డిగ్రీలు, 1/60లో 107 డిగ్రీలు తిరుగుతుంది. నాలుగు రెక్కల మధ్య దూరం 90 డిగ్రీలు గనుక, రెక్కలు కలిసిపోయి నిండు చక్రంలా కనిపించాలంటే 1/60 దాకా దిగవలసిందే. ఆ ప్రొపెల్లరు వ్యాసం 4.7 మీటర్లు. అంత పెద్దదానికి నేల తగలకూడదనే ఇంజన్లను విమానం రెక్క పైకి ఎత్తి బిగించారు, ఆ విమానానికి ఆ వింత రూపం వచ్చింది అందుకే. అంతటి ప్రొపెల్లరును ఆపేసి చూపడం ఆ విమానాన్ని అవమానించడమే.

మదనపల్లె 600:
మేస్త్రి గారు ఇంజను విప్పినవారే, కాదనను. కానీ 600 లెన్సును చేత్తో పట్టుకొని 1/60లో తీసి చూపించమనండి. చక్రం నిండుగానే వస్తుంది, ముక్కు మీద నంబరు మాత్రం అలుక్కుపోతుంది.

చిత్తూరు మిద్దె:
అందుకే విమానంతోపాటు నడుము తిప్పుతూ తీయడం నేర్చుకోవాలి. ముందు మన ఊరి బైపాస్ మీద వెళ్లే బస్సులతో సాధన చేయండి. 1/125 దగ్గర మొదలుపెట్టి, చేయి కుదిరిన కొద్దీ తగ్గించుకుంటూ రావచ్చు. మరో మాట, మన ప్రాంతపు ఎండలో పొద్దెక్కిన తరువాత నేల నుంచి లేచే వేడి సెగకు ఎంత ఖరీదైన లెన్సైనా చిత్రాన్ని వణికిస్తుంది. ఆ వణుకును చూసి లెన్సు బాగాలేదని అమ్మేసుకున్నవారు నాకు తెలుసు.

అలిపిరి మెట్టు:
ఘాట్ రోడ్డు మలుపులో నిలబడితే కిందుగా వెళ్లే విమానం పై భాగం దొరుకుతుందని నా ఆశ. ఏఎన్-32 ఇంజను గొట్టం వెనుక రెక్క పైన పట్టే నల్లటి మసి చార కింది నుంచి తీసే ఫొటోల్లో ఎప్పటికీ కనిపించదు. విమానం వయసంతా ఆ చారలోనే ఉందని నా అభిప్రాయం.

పుత్తూరు పయనం:
ఘాట్ రోడ్డులో బండి ఆపనివ్వరు. పైగా కొండపై విమానాలు తిరగడం ఆగమ విరుద్ధమని, ఆ గగనతలాన్ని నిషిద్ధం చేయాలని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. అక్కడ అంత పెద్ద లెన్సుతో కనిపిస్తే భక్తులకు, భద్రతా సిబ్బందికి ఇద్దరికీ సమాధానం చెప్పుకోవాలి.

సాగరం వైపు:
ఎందుకీ తలనొప్పులన్నీ? విశాఖ బీచ్ రోడ్డులో టీయూ-142 మ్యూజియం ఉంది. 2017 మార్చిలో అరక్కోణంలోని రాజాలి స్థావరంలో విరమణ పొందిన విమానమది. కావలసినంత దగ్గరికి వెళ్లి తీసుకోవచ్చు.

మాజీ ఇంజను మేస్త్రి:
అది సముద్రంపై నిఘాకు వాడిన విమానం, రవాణాది కాదు. చర్చ దేని గురించో చదివి రాయండి.

సాగరం వైపు:
పాత రష్యా విమానాలన్నీ ఒకే తీరు లెండి. ఏఎన్-32 అంటేనే ఎగిరే శవపేటిక కదా.

మాజీ ఇంజను మేస్త్రి:
ఆ మాట వెనక్కి తీసుకోండి. 2008 మే 31న, లద్దాఖ్‌లో 16,000 అడుగులకు పైన ఉన్న దౌలత్ బేగ్ ఓల్డీలో 43 ఏళ్ల తరువాత మొదటిసారి దిగిన స్థిర రెక్కల విమానం ఇదే. 2009 ఒప్పందం కింద 40 విమానాలను కీవ్‌లో, మిగిలినవాటిని కాన్పూరులో ఆధునికీకరించి, వాటి ఆయుష్షును 25 ఏళ్ల నుంచి 40 ఏళ్లకు పెంచారు. కాన్పూరులో రాత్రీ పగలూ ఆ పని చేసినవారు మీ వ్యాఖ్య చదివితే ఏమనుకుంటారు?

అలిపిరి మెట్టు:
ఆ మాట నాకూ నచ్చలేదు. 2016 జులై 22న తాంబరం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు బయలుదేరిన కె-2743లో 29 మంది ఉన్నారు, వారిలో ఎనిమిది మంది విశాఖ ఉద్యోగులు. 2024 జనవరిలో గానీ 3,400 మీటర్ల లోతున దాని శకలాల జాడ తెలియలేదు. నంబరు చూపవచ్చా అని మొదట అడిగారు కదా, దానికి నా సమాధానం కూడా ఇదే. నంబరు చెరిపేస్తే అది ఏదో ఒక ఏఎన్-32 ఫొటో అవుతుంది, నంబరు ఉంటే ఆ విమానానికి మిగిలిన ఆధారం అవుతుంది.

పుత్తూరు పయనం:
నంబరు ఉంచండి, కానీ తీసిన పూటే చోటు, సమయం రాసి పెట్టకండి. 2025 మే నెలలో రక్షణ విమానాశ్రయాల్లో ప్రయాణికులు కిటికీ తెరలు దించాలని, ఫొటోలు తీయకూడదని ఆదేశాలు వచ్చినప్పటి పరిస్థితి మరవకండి.

కపిలతీర్థం కెమెరా:
అందరికీ ధన్యవాదాలు. ఎక్కడ నిలబడాలో మాత్రం ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.

చిత్తూరు మిద్దె:
రేణిగుంటలోని తిరుపతి విమానాశ్రయం రన్‌వే దాదాపు తూర్పు పడమరలుగా ఉంది గనుక, చలికాలంలో ఎండ రోజంతా దక్షిణం నుంచే పడుతుంది. ప్రహరీకి బాగా దూరంగా, దక్షిణాన తెలిసినవారి మిద్దె దొరికితే అంతకన్నా మంచి చోటు లేదు. ప్రముఖులు దర్శనానికి వచ్చే రోజున మాత్రం కెమెరా బయటకు తీయకండి. ఏ గొడవా వద్దనుకుంటే, బేసి సంవత్సరాల ఫిబ్రవరిలో బెంగళూరు యలహంకలో జరిగే ఏరో ఇండియాకు టికెట్టు కొనుక్కొని వెళ్లండి. నిలిపి ఉంచిన విమానాలకు 24-70 లెన్సు సరిపోతుంది.

మదనపల్లె 600:
సరిపోదు. అక్కడి జనాన్ని మీరు చూసినట్లు లేదు. 600 తీసుకెళ్లి, దూరం నుంచి వాళ్ల తలల మీదుగా తీయండి.