అప్‌డేట్: నల్లబడి పురుగు పట్టిన చింతపండు

జాడీలో పెట్టిన చింతపండు వానాకాలానికల్లా నల్లబడి పురుగు పడుతోంది, ఎందుకని అడిగాను కదా. రెండూ వేర్వేరు సంగతులట. పురుగు ఎక్కువగా గింజల్లోంచే వస్తుంది. సగం గింజలు వదిలేసి జాడీకెత్తడమే తప్పు.

ఈసారి పెంకు, ఈనెలు, గింజలు పూర్తిగా తీసి మూడు రోజులు ఎండబెట్టాం. నొక్కితే చేతికి తడి అంటకూడదు, అలాగని పెళుసెక్కకూడదు. బాగా చల్లారాకే 10 కిలోలకు 1 కిలో కళ్లుప్పు పొరలుపొరలుగా చల్లి, పింగాణీ జాడీలో ఖాళీ లేకుండా అదిమి, గుడ్డతో వాసెన కట్టాం. వేడిమీద ఎత్తితే లోపల చెమ్మ పడుతుంది. ఇత్తడి, అల్యూమినియం వద్దన్నారు, నిజమే: పులుపు లోహాన్ని తినేస్తుంది.

ఆరు నెలలైంది, పురుగు జాడ లేదు. రంగు మాత్రం కాస్త ముదిరింది. అది గాలికీ వేడికీ వచ్చే మార్పు, పాడవడం కాదు. ఎర్రగానే ఉండాలంటే ఫ్రిజ్జే దిక్కు. వ్యాపారులు కోల్డ్ స్టోరేజీలో దాచేదీ అందుకే.

అన్నట్టు, ఈ పండుతో చారు పెట్టేటప్పుడు ఉప్పు తగ్గించండి. తీసిన గింజలు జాడీ దరిదాపుల్లో ఉంచకండి.